పహాణీ కాగితమూ, తెర వెడల్పూ

పొలం గురించిన సంగతులన్నీ ఒకే వరుసలో చెప్పటం పహాణీ పద్ధతి. మొదట సర్వే నంబరు, ఆ ప్రక్కన విస్తీర్ణం, అందులో సాగుకు పనికిరాని ఖరాబు ఎంత, మిగిలినది ఖుష్కీయా, తరీయా, శిస్తు ఎంత, పట్టాదారు ఎవరు, పొలాన్ని నిజంగా అనుభవిస్తున్నది ఎవరు, ఏ హక్కుమీద, నీటి వసతి ఏది, ఏ పంట ఎంత మేరకు వేశారు - ఇట్లా ఒకదాని వెంట ఒకటిగా తెలంగాణ పహాణీలో ముప్పైకి మించిన కాలమ్‌లు ఉండేవి. తాండూరు ప్రాంతంలో ఒక రైతు కంది వేశాడా, జొన్న వేశాడా అన్న సంగతి ఆ వరుస వెంట ఎంతో దూరం పోతేగాని కనపడదు.

ఇంత వెడల్పైన కాగితాన్ని చదివేవారికి ఉండే చిక్కు ఒక్కటే. ఎడమ కొసన సర్వే నంబరు చూసి, కుడివైపు కాలమ్‌లలోని పేరు దగ్గరకు చూపు జరుపుకుంటూ పోయేటప్పుడు వరుస తప్పరాదు. ఒక్క వరుస జారితే ఒకరి పొలం మరొకరి పేర కనపడుతుంది. అందుకే వరుసల మధ్య గీతలు కావాలి. గీతలు చాలకపోతే రూళ్ళకర్ర పెట్టుకోవాలి. అదీ లేకపోతే వ్రేలు పెట్టుకొని చదవాలి. ఒక వరుస విడిచి ఒక వరుసకు లేతరంగు వేయటం కూడ ఈ పని కొరకే.

వరుస జారితే వచ్చే నష్టం చిన్నది కాదు. హైదరాబాదు రాష్ట్రంలో 1950వ సంవత్సరపు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం వచ్చిన తరువాత ‘అనుభవిస్తున్నది ఎవరు’ అనే కాలమ్‌కు విలువ మరింత పెరిగింది. పట్టా ఒకరిది, సాగు మరొకరిది అయినచోట కౌలుదారుకు ఆ కాలమ్‌లోని తన పేరే ఆధారం. 1954-55లో తయారైన ఖాస్రా పహాణీని భూమి తగాదాలలో నేటికీ మూల దస్తావేజుగా వెదకి తీస్తారు.

ఇప్పుడు ఇంతటి కాగితాన్ని చేతిలోని ఫోను తెరమీద చూపవలసి వచ్చినదనుకుందాం. ఒక్కొక్క కాలమ్‌కు 90 పిక్సెళ్ళ వెడల్పు ఇస్తే 30 కాలమ్‌లకు 2,700 పిక్సెళ్ళు కావాలి. వాడుకలో ఉన్న ఫోన్లలో చాలావాటికి పేజీ కొలతలో తెర వెడల్పు 360 పిక్సెళ్ళే. అనగా కాగితం తెరకు ఏడున్నర రెట్లు. కాగితాన్ని తెరకు సరిపోయేటట్లు కుదిస్తే అక్షరాలు చీమలబారు అవుతాయి. కాబట్టి పట్టికను ఒక పెట్టెలో ఉంచి, వ్రేలితో ఎడమకు జరిపితే మిగిలిన భాగం బయటికి వచ్చే ఏర్పాటు చేస్తారు. దీనిని స్క్రోల్ పెట్టె అందాం.

ఇంతవరకు బాగానే ఉన్నది. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. వరుసలకు వేసిన లేతరంగు మొదటి 360 పిక్సెళ్ళ వరకు చక్కగా ఉంటుంది. వ్రేలితో జరపగానే రంగు ఒకచోట తెగిపోతుంది. దానికి ఆవల గళ్ళలోని అక్షరాలు మాత్రం తెల్లని తెరమీద తేలుతూ ఉంటాయి. వరుస క్రింద గీసిన గీత కూడ అక్కడే ఆగుతుంది. పట్టాదారు, అనుభవదారు పేర్లు వచ్చే చోటికి పోయేసరికి ఏ పేరు ఏ సర్వే నంబరుదో చూపే ఆనవాలు ఏదీ మిగలదు.

పాఠశాలలో దీనిని కంప్యూటరు లేకుండానే చూపవచ్చును. ఒక అట్టముక్కలో 10 సెంటీమీటర్ల వెడల్పుగల కిటికీ కోయండి. దాని వెనుక 75 సెంటీమీటర్ల పొడవుగల కాగితపు పట్టీని జరిపే ఏర్పాటు చేయండి. పట్టీమీద ఎనిమిది అడ్డువరుసలు గీతలు లేకుండా వ్రాసి, ఒకటి విడిచి ఒక వరుసకు పసుపు పూయండి. కాని మొదటి 10 సెంటీమీటర్ల వరకే పూయాలి. ఇప్పుడు ఒక విద్యార్థిని అయిదవ వరుస చివర ఏమున్నదో చదవమనండి. కిటికీ వెనుక పట్టీ జరిగినకొద్దీ వాని చూపు ఎట్లా తడబడుతుందో మిగిలినవారు గమనించవచ్చును.

రంగును ఎవరూ కావాలని 360 దగ్గర ఆపలేదు. పేజీని వ్రాసినవారు “వరుస వెడల్పు నూటికి నూరు పాళ్ళు” అనే వ్రాసి ఉంటారు. నూటికి నూరు అంటే దేనిలో నూరు పాళ్ళు? వ్రాసినవారి మనసులో ఉన్నది కాగితం. యంత్రం లెక్కించినది కిటికీని. ఈ తేడా ఎక్కడ పుట్టినదో తెలియాలంటే ముప్పై ఏళ్ళు వెనుకకు పోవాలి.

టిమ్ బెర్నర్స్-లీ 1989 మార్చిలో జెనీవా సమీపంలోని సెర్న్ ప్రయోగశాలలో వెబ్‌కు మూలమైన ప్రతిపాదన వ్రాశారు. అది భౌతికశాస్త్రజ్ఞులు తమ పత్రాలను ఒకరివి ఒకరు చదువుకోవటానికి ఉద్దేశించినది. ఆ పత్రాలు మామూలు వ్యాసాల వంటివే: శీర్షిక, పేరాలు, మధ్యమధ్య ఉపశీర్షికలు. చదివేవారు పైనుంచి క్రిందికి పోతారు. తెర ఎంత వెడల్పు ఉంటే అంత వెడల్పున పేరా సర్దుకుంటుంది. మిగిలినది క్రిందికి పెరుగుతుంది. పుట అడ్డంగా పెరగవలసిన అవసరం ఆ పాఠకులకు అంతగా రాలేదు. (పూర్వం రోమనులు పాపిరస్ చుట్టలను అడ్డంగా విప్పుతూ చదివేవారు. అడ్డంగా జరపటం మనం క్రొత్తగా కనిపెట్టినదేమీ కాదు.)

పేజీకి రంగులు, అంచులు, అక్షరాల తీరు నిర్ణయించే భాష వేరుగా ఉండాలని నార్వే దేశస్థుడు హోకన్ వియమ్ లీ 1994 అక్టోబరు 10న ఒక ప్రతిపాదన ప్రకటించారు. అప్పుడు ఆయన కూడ సెర్న్‌లోనే పనిచేస్తున్నారు. హాలండుకు చెందిన బర్ట్ బోస్ తాను తయారుచేస్తున్న ‘ఆర్గో’ అనే బ్రౌజరు కొరకు అటువంటి భాషనే ఆలోచిస్తూ ఉండి, ఆయనతో కలిశారు. వారి కృషి ఫలితంగా వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం 1996 డిసెంబరు 17న సి.ఎస్.ఎస్. మొదటి స్థాయి ప్రమాణాన్ని ప్రకటించింది.

ఆ ప్రమాణం ప్రకారం పుటలోని ప్రతి వస్తువూ ఒక పెట్టె. పేరా ఒక పెట్టె. శీర్షిక ఒక పెట్టె. వాటిని పట్టుకొని ఉండేది మరో పెద్ద పెట్టె. తల్లిపెట్టెలో పిల్లపెట్టె ఎంత వెడల్పు ఉండాలన్న దానికి వారు చక్కని బీజగణిత సమీకరణం వంటి నియమం పెట్టారు. ఎడమ వెలుపలి ఖాళీ, ఎడమ అంచుగీత, ఎడమ లోపలి ఖాళీ, అసలు వెడల్పు, కుడి లోపలి ఖాళీ, కుడి అంచుగీత, కుడి వెలుపలి ఖాళీ - ఈ ఏడింటి మొత్తం ఎల్లప్పుడూ తల్లిపెట్టె వెడల్పుకు సమానం కావాలి. అసలు వెడల్పు ఎంతో చెప్పక విడిచిపెడితే, మిగిలిన ఆరూ తీసివేయగా వచ్చినదే దాని వెడల్పు.

ఈ నియమంలో ఒక లోతైన సంగతి ఇమిడి ఉన్నది. వెడల్పు పైనుంచి క్రిందికి దిగుతుంది. అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ క్రిందికే పారినట్లు, తెర వెడల్పు పెద్ద పెట్టెకు, దాని వెడల్పు దాని పిల్లకు సంక్రమిస్తుంది. ఎత్తు సంగతి దీనికి విరుద్ధం. చెరువులో నీటిమట్టం అడుగునుంచి పెరిగినట్లు ఎత్తు లోపలి సరుకును బట్టి పెరుగుతుంది; పేరాలో ఎన్ని పంక్తులు ఉంటే తల్లిపెట్టె అంత ఎత్తు. పిల్ల ఎత్తు తల్లిని నిర్ణయిస్తుంది. తల్లి వెడల్పు పిల్లను నిర్ణయిస్తుంది.

వెడల్పును కూడ క్రిందినుంచి లెక్కించి ఉండకూడదా అని విద్యార్థులు అడగవచ్చును. అడగవలసిన ప్రశ్నే. తల్లి వెడల్పు పిల్లలలోకెల్ల వెడల్పైనదాని మీద ఆధారపడినదనుకుందాం. పిల్ల వెడల్పు తల్లిలో నూటికి నూరు పాళ్ళు అని వ్రాసి ఉన్నదనుకుందాం. అప్పుడు తల్లి కొలత తెలియాలంటే పిల్లది తెలియాలి. పిల్లది తెలియాలంటే తల్లిది తెలియాలి. చెట్టు ముందా, విత్తు ముందా అన్నట్లు లెక్క తెమలదు. తరువాత వచ్చిన 2.1 ప్రమాణంలో కూడ ఇట్టి సందర్భంలో ఫలితం ఎట్లా ఉంటుందో నిర్వచింపబడలేదని స్పష్టంగానే వ్రాశారు. పైనుంచి క్రిందికి ఒక్కసారి లెక్కవేసుకుంటూ పోతే ఈ గొడవ లేదు. ఆనాటి మందకొడి యంత్రాలకు అది తేలిక కూడ.

రెండవ స్థాయి ప్రమాణం 1998 మే 12న వెలువడింది. అందులో ‘ఓవర్‌ఫ్లో’ అనే క్రొత్త మాట చేరింది. పెట్టెలో పట్టనంత సరుకు ఉంటే ఏమి చేయాలో అది చెబుతుంది: బయటికి పొంగనీయవచ్చును, కోసి దాచవచ్చును, లేదా జరిపి చూసే వీలు కల్పించవచ్చును. స్క్రోల్ పెట్టె పుట్టినది ఇక్కడే. కాని 1996 నాటి సమీకరణం అట్లాగే నిలిచింది. స్క్రోల్ పెట్టె వెడల్పు అంటే దాని కిటికీ వెడల్పే. పిల్లపెట్టె ఆ కొలతనే తీసుకుంటుంది. పిల్లలోని సరుకు 2,700 పిక్సెళ్ళ వరకు పొంగిపోతే పోవచ్చును గాని, ఆ పొంగు పెట్టెలో భాగం కాదు. రంగు పెట్టెకు వేస్తారుగాని పొంగుకు వేయరు. పసుపు పట్టీ 360 దగ్గర ఆగటానికి కారణం ఇదే. యంత్రం పొరబడలేదు, చెప్పినమాట చెప్పినట్లు చేసింది.

ఈ సంగతి తాండూరు మేస్త్రీకి చెబితే వెంటనే గ్రహిస్తాడు. ఆ ప్రాంతపు సున్నపురాయి పొరలు పొరలుగా విడివడుతుంది. నీలిరంగువి, పసుపురంగువి తాండూరు బండలుగా, సరిహద్దుకు ఆవలి కర్ణాటకలోనివి షాబాదు బండలుగా దేశమంతటా ఇళ్ళ నేలలకు పోతాయి. మేస్త్రీ గదిని కొలిచి గోడనుంచి గోడకు బండలు పరుస్తాడు. కొన్నాళ్ళకు ఇంటివారు గోడ తీసివేసి ప్రక్కనున్న ఖాళీ స్థలాన్ని గదిలో కలుపుకుంటే, బండలు పాత గోడ జాడ దగ్గరే ఆగిపోయి కనపడతాయి. సామాను మాత్రం ఆవల మట్టినేల మీదకూ విస్తరిస్తుంది. అది మేస్త్రీ తప్పు కాదు. అతడు కొలిచిననాడు గోడ అక్కడ ఉన్నది. 1998లో ఓవర్‌ఫ్లో అనే మాట ఆ గోడను తీసివేసింది. కొలతబద్ద మాత్రం పాతదే.

అయితే ఒక రకం పెట్టెకు ఈ జబ్బు మొదటినుంచీ లేదు. అది పట్టిక. నెట్‌స్కేప్ బ్రౌజరు 1995లోనే పట్టికలను చూపటం మొదలుపెట్టింది. 1996 మేలో డేవ్ రాగెట్ వ్రాసిన పట్టికల ప్రమాణ పత్రంలో వాటి వెడల్పును లెక్కించే పద్ధతి వివరించబడింది. ప్రతి గడికీ రెండు కొలతలు తీయాలి: లోపలి మాటలను ఎంత మడిచినా ఇంతకంటె తగ్గదు అన్నది కనిష్ఠం, అసలు మడవకపోతే ఎంత పడుతుంది అన్నది గరిష్ఠం. కాలమ్‌లోని గళ్ళన్నిటి కొలతలనూ చూసి కాలమ్ వెడల్పు, కాలమ్‌లన్నిటినీ చూసి పట్టిక వెడల్పు తేల్చాలి. ఇక్కడ లెక్క క్రిందినుంచి పైకి నడిచింది. అందువల్ల పట్టిక కిటికీని దాటి పెరిగినా, వరుస రంగు కూడ దానితోపాటే చివరిదాకా పోతుంది.

పహాణీని పట్టికగానే వ్రాస్తే సరిపోతుంది గదా? చాలావరకు సరిపోతుంది, నిజానికి అదే సరియైన మార్గం. కాని పేజీలు తయారుచేసేవారు 2000 తరువాత పట్టికలను విడిచి సాదా పెట్టెలతోనే వరుసలు కట్టటం అలవాటు చేసుకున్నారు. అంతకుముందు పుట అమరిక అంతా పట్టికలలో ఇరికించి దుర్వినియోగం చేసినందువల్ల వాటిమీద ఒక విముఖత పుట్టింది. దుర్వినియోగాన్ని విడువబోయి సద్వినియోగాన్ని కూడ విడిచినవారు లేకపోలేదు.

సమస్య పదునెక్కినది ఫోన్లు వచ్చిన తరువాత. 2007లో వచ్చిన ఐఫోన్‌లో సఫారీ బ్రౌజరు సాధారణ పేజీలను 980 పిక్సెళ్ళ వెడల్పుగల తెర ఉన్నట్లుగా అమర్చి, ఆ మొత్తాన్ని చిన్న తెరకు కుదించి చూపేది. చూసేవారు రెండు వ్రేళ్ళతో పెద్దది చేసుకొని చదవాలి. 2010 మేలో ఈథన్ మార్కాట్ ఒక ప్రసిద్ధ వ్యాసంలో, తెరను బట్టి పేజీయే తన అమరికను మార్చుకోవాలని వాదించారు. పేరాలకు, బొమ్మలకు ఆ సలహా అద్భుతంగా పనిచేసింది. ముప్పై కాలమ్‌ల వరుసకు మాత్రం మార్చుకోవటానికి వేరే రూపం లేదు. అది అడ్డంగా జరగవలసిందే.

నియమాన్నే మార్చివేయరాదా అన్నది మరొక ప్రశ్న. సికిందరాబాదునుంచి వికారాబాదు, తాండూరుల మీదుగా వాడి వరకు పోయే రైలుమార్గం నిజాం కాలంలో 1874లో తెరిచారు. దాని పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు. అది 1850ల నాటి నిర్ణయం. నేడు ఆ మార్గంలో నడిచే బండ్లన్నిటికీ ఇరుసులు ఆ కొలతకే ఉండాలి. అట్లాగే 1996 నాటి సమీకరణాన్ని నమ్ముకొని లెక్కలేనన్ని పేజీలు వ్రాయబడ్డాయి. దానిని కదిలిస్తే అవన్నీ చెదరిపోతాయి. కాబట్టి ప్రమాణాలు వ్రాసేవారు పాత పట్టాలను ముట్టుకోకుండా, ప్రక్కన క్రొత్త మాటలు చేర్చే మార్గం పట్టారు.

మొదటి ఉపాయం పాత ప్రమాణంలోనే దాగి ఉన్నది. ప్రక్కకు తేలే పెట్టెలకు, పంక్తిలో అక్షరంలా కూర్చునే ‘ఇన్‌లైన్-బ్లాక్’ పెట్టెలకు వెడల్పు తల్లినుంచి నేరుగా రాదు. పట్టికలోవలె లోపలి సరుకు కనిష్ఠ, గరిష్ఠాలను చూసి తేలుతుంది. 2011 జూన్ 7న ఖరారైన 2.1 ప్రమాణంలో ఆ సూత్రం ఇట్లా ఉన్నది: సరుకు కనిష్ఠం, అందుబాటులో ఉన్న చోటు - ఈ రెండింటిలో పెద్దది తీసుకో, దానిని సరుకు గరిష్ఠంతో పోల్చి చిన్నది తీసుకో. పహాణీలో గళ్ళకు 90 పిక్సెళ్ళు నిశ్చయంగా ఇచ్చినందువల్ల కనిష్ఠం, గరిష్ఠం రెండూ 2,700. చోటు 360. కనుక మొదటి పోలికలో 2,700. రెండవ పోలికలోను 2,700. విద్యార్థులు అంకెలు మార్చి ఈ లెక్కను తామే చేసి చూడవచ్చును.

కావలసినదల్లా స్క్రోల్ పెట్టెకూ వరుసలకూ నడుమ ఇట్టి పెట్టె ఒకటి అదనంగా ఉంచటం. ఆ నడిమి పెట్టె 2,700 అయిన తరువాత, లోపలి వరుసలకు అదే తల్లి. పాత సమీకరణం ప్రకారమే అవి 2,700 తీసుకుంటాయి. నియమం మారలేదు, తల్లి మారింది.

అనుభవజ్ఞులు చిరకాలం ఈ ఉపాయంతోనే నెట్టుకొచ్చారు. కాని చదివేవారికి ఇన్‌లైన్-బ్లాక్ అన్నది ఎందుకు వ్రాశారో తెలియదు. తెలియక తీసివేస్తే రంగు మళ్ళీ తెగుతుంది. ఉద్దేశ్యాన్ని సూటిగా చెప్పే మాటలు 2012లో మొదటి చిత్తుగా వెలువడిన కొలతల ప్రమాణంలో కనపడతాయి. ‘మిన్-కంటెంట్’ అంటే సరుకు కనిష్ఠం; ‘మాక్స్-కంటెంట్’ అంటే సరుకు గరిష్ఠం. పట్టికలకు 1996లో వాడిన రెండు కొలతలకే పదహారేళ్ళ తరువాత పేర్లు పెట్టి అన్ని పెట్టెలకూ అందుబాటు చేశారన్నమాట. ఇప్పుడు నడిమి పెట్టెకు రెండు వాక్యాలు వ్రాస్తే చాలు: వెడల్పు మాక్స్-కంటెంట్, కనీస వెడల్పు నూటికి నూరు.

రెండవ వాక్యం ఎందుకని సందేహం కలుగుతుంది. మొదటి వాక్యం కాగితాన్ని కొలుస్తుంది. రెండవది కిటికీని కొలుస్తుంది. అదే పేజీని తాలూకా కచేరీలోని పెద్ద తెరమీద తెరిచి, మూడే కాలమ్‌ల పట్టిక చూశామనుకోండి. సరుకు 270 పిక్సెళ్ళు, తెర 1,366. మొదటి వాక్యం ఒక్కటే ఉంటే రంగు 270 దగ్గర ఆగి, తెరలో అయిదింట నాలుగు వంతులు బోసిగా ఉంటుంది. రెండవ వాక్యం ఆ లోటు తీరుస్తుంది. కాగితం, కిటికీ - రెండింటిలో ఏది వెడల్పైతే అది వరుస వెడల్పు.

ఈ రెండు వాక్యాలను నడిమి పెట్టెకు గాక ఒక్కొక్క వరుసకు విడివిడిగా వ్రాసేవారు కలరు. గళ్ళ వెడల్పు నిశ్చయంగా ఇచ్చినప్పుడు భేదం కనపడదు. ఇవ్వనప్పుడు పొడవాటి పేరుగల వరుస ఒకచోట, పొట్టి పేరుగలది మరొకచోట ముగిసి, పట్టిక కుడి అంచు వంకర గట్టులా తయారవుతుంది. అందరికీ ఒక్క తల్లి ఉండటమే మేలు.

2017 మార్చిలో క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ మూడూ ఒకే నెలలో ‘గ్రిడ్’ అమరికను ప్రవేశపెట్టాయి. స్క్రోల్ పెట్టెకే గ్రిడ్ అని వ్రాస్తే నడిమి పెట్టె కూడ అవసరం లేదు. గ్రిడ్‌లోని బాట తనలో ఉన్నవాటిలో వెడల్పైనదాన్ని చూసి పెరుగుతుంది. మిగిలిన వరుసలన్నీ ఆ బాట అంచు వరకు సాగుతాయి.

మాక్స్-కంటెంట్‌తో ఒక జాగ్రత్త అవసరం. అది సరుకును అసలు మడవకుండా కొలుస్తుంది. పహాణీలో రిమార్కుల కాలమ్ వంటిది ఉన్నదనుకోండి. అందులో నలభై మాటల వాక్యం ఉంటే అది ఒకే పంక్తిగా సాగి, వరుస వెడల్పు ఎన్నో వేల పిక్సెళ్ళకు పోతుంది. అట్టి గడికి ముందుగానే ఒక హద్దు పెట్టాలి. తెలుగుకు ఈ హద్దు మరీ ఇరుకుగా ఉండరాదు. తెలుగు లిపికి 1991 నాటి యూనికోడ్ మొదటి సంపుటిలోనే చోటు దొరికింది గనుక అక్షరాలు సరిగానే వస్తాయి. కాని బ్రౌజరు సామాన్యంగా మాటల మధ్య ఖాళీ దగ్గరే పంక్తిని విరుస్తుంది. ‘అనుభవదారు’ అన్న మాటను నడుమ విరవదు. సంధి కలిసి రెండుమూడు మాటలు ఒకటైనచోట కనిష్ఠమే పెద్దదవుతుంది. గడి దానికంటె ఇరుకైతే అక్షరాలు ప్రక్కగడి మీదికి పొంగుతాయి.

వరుస వెడల్పు సరిచేస్తే మరొక లాభం కలుగుతుంది. బహుశః అదే పెద్దది. ఎంత జరిపినా సర్వే నంబరు గడి తెర అంచున అంటిపెట్టుకొని ఉండేటట్లు చేసే ‘స్టికీ’ అనే ఏర్పాటు ఉన్నది. అది ఫైర్‌ఫాక్స్‌లో 2014లో, క్రోమ్‌లో 2017లో వచ్చింది. రూళ్ళకర్ర పెట్టి చదివినట్లు, ఏ పేరు ఏ సర్వే నంబరుదో ఇక తడుముకోవలసిన పని లేదు. కాని అంటుకునే గడి తన తల్లి హద్దు దాటి పోలేదు. తల్లి అయిన వరుస 360 దగ్గర ముగిస్తే, అంతవరకు అంటుకొని వచ్చి, ఆ పిమ్మట వరుసతోపాటే తెర బయటికి జారిపోతుంది. రైతు అనుభవదారు కాలమ్‌కు చేరేసరికి సర్వే నంబరు కనపడదు. స్టికీ పనిచేయటం లేదని విసుగుకొనేవారు చాలామంది వెదకవలసినది స్టికీ వాక్యంలో కాదు, దాని తల్లి వెడల్పులో. వరుసకు 2,700 ఇస్తే గడి చివరిదాకా నిలుస్తుంది.

వికారాబాదు జిల్లా 2016 అక్టోబరు 11న ఏర్పడింది; వికారాబాదు, తాండూరు రెండూ అందులో రెవెన్యూ డివిజన్ కేంద్రాలు. 2020 అక్టోబరు 29న రాష్ట్రమంతటికీ ధరణి వచ్చినప్పుడు భూమి లెక్కలో కాలమ్‌లు బాగా తగ్గాయి. అనుభవదారు కాలమ్ పోయింది. దానిపై తీవ్రమైన వాదోపవాదాలు జరిగాయి. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి ప్రారంభమైంది. ఏ కాలమ్ ఉండాలో, ఏది తీసివేయాలో చట్టం నిర్ణయిస్తుంది, అది సి.ఎస్.ఎస్. పరిధిలోని విషయం కాదు. పరిధిలో ఉన్నది ఇంతే: దస్తావేజులో ఉన్న కాలమ్ చదివేవానికి తన వరుసలోనే కనపడాలి. పాత పహాణీల అవసరం తగాదాలు ఉన్నంతకాలం ఉంటుంది గనుక, ముప్పై కాలమ్‌ల వెడల్పూ ఇంతటితో తీరిపోయే సమస్య కాదు.

ఆ పాత దస్తావేజులలో ఉర్దూలో వ్రాసినవి ఉన్నాయి. తొలి సర్వే నాటి సేత్వార్లు అట్టివే. ఉర్దూ కుడినుంచి ఎడమకు నడుస్తుంది. సర్వే నంబరు కుడి కొసన ఉంటుంది. పేర్లు ఎడమవైపుకు పోతాయి. పెట్టెనుంచి సరుకు పొంగేది కూడ ఎడమవైపే. భాష నడిచే దిక్కును తెలిపే మాట 1998 నాటి రెండవ స్థాయిలోనే ఉన్నది. దిక్కు కుడినుంచి ఎడమకు అని వ్రాస్తే స్క్రోల్ పెట్టె కుడి కొసన తెరుచుకుంటుంది. నడిమి పెట్టెకు వ్రాసిన రెండు వాక్యాలు అట్లాగే పనిచేస్తాయి. వాటిలో ఎడమ, కుడి అన్న మాటలే లేవు. అంటుకునే గడికి మాత్రం ‘ఎడమనుంచి సున్న’ అని వ్రాసి ఉంటే దానిని ‘పంక్తి మొదటినుంచి సున్న’ అని మార్చాలి. అప్పుడు తెలుగు పహాణీకి ఎడమ అంచున, ఉర్దూ సేత్వారుకు కుడి అంచున, ఒకే వాక్యంతో సర్వే నంబరు నిలుస్తుంది.